వానకు ఎదురెళ్తే: అనంతపురం నుంచి ఆగుంబెదాకా

అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. కర్ణాటకలో పడమటి కనుమల అంచునున్న ఆగుంబెలో 7,600. రెండు ఊళ్లకూ మధ్య దూరం రోడ్డు మీద దాదాపు నాలుగొందల కిలోమీటర్లే. సోషల్ టీచరుగా ఉన్నన్నాళ్లూ బోర్డు మీద ఒక కొండ గీసి, ఎడమవైపు మబ్బులూ అడవులూ వేసి, కుడివైపు ఖాళీగా వదిలి, ‘కొండ అడ్డుపడి వాన అందని ఈ వైపే వర్షచ్ఛాయా ప్రాంతం, అంటే మనం’ అని చెప్పేదాన్ని. ఆ ఎడమవైపు ఏముందో కళ్లారా చూడటం రిటైరయ్యాకే కుదిరింది.

మా అక్క కొడుకు ఈమధ్య సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. దాన్ని ఎటైనా పరిగెత్తించాలని వాడి తహతహ. జులై చివర్లో, పుష్యమి కార్తెలో బయల్దేరాం. ‘వాన పడని ఊళ్లోవాళ్లు వానను వెతుక్కుంటూ పోతున్నారు, బాగుంది’ అని అక్క దెప్పుతూనే జొన్నరొట్టెలు, చెనిక్కాయ (వేరుశనగ) పొడి కట్టిచ్చింది. తుంగభద్ర మీదుగా వెళ్లి, చిత్రదుర్గం మీదుగా తిరిగొచ్చే దారి పెట్టుకున్నాం.

శుక్రవారం: ఉరవకొండ, విడపనకల్లు, బళ్లారి

ఉరవకొండదాకా కంటికి ఆనేదంతా ఎర్రనేలే. గ్రానైటు రాయి చివికి ఏర్పడిన నేల, అందులోని ఇనుము తుప్పు పట్టి వచ్చిన ఎరుపు. మూరెడు తవ్వితే గరుసు, ఇంకాస్త దిగితే బండ. పడిన వానను పట్టి ఉంచుకునే గుణం దానికి లేదు. పది రోజులు మబ్బు మొహం చాటేస్తే చెనిక్కాయ చెట్టు మధ్యాహ్నానికల్లా తల వాల్చేస్తుంది. అయినా మావాళ్లు ఆ పంటనే పట్టుకు వేలాడటానికి కారణముంది. ఊడలు భూమిలోకి దిగాలంటే వదులు నేల కావాలి, అది ఇక్కడ దండిగా ఉంది.

ఉరవకొండ దాటి విడపనకల్లు వైపు పోతుంటే రంగు మారింది. ఒక చేను ఎరుపు, పక్కది బూడిదరంగు, ఆ పక్కది నలుపు, కాసేపటికి ఎటు చూసినా నల్లరేగడే. ముందురోజు రాత్రి ఒక పదును వాన పడిందట. కారు ఆపించి చేలోకి దిగాను. నాలుగడుగులు వేసేసరికి ఒక్కో చెప్పు కింద అరకిలో మట్టి. పుల్లతో గీకితే పుల్ల విరిగింది, కాలు విదిలిస్తే చెప్పే ఊడింది. మొన్నటి ఎండలకు విచ్చుకున్న నెర్రె ఒకటి వాన తడికి సగమే మూసుకుని ఉంటే, అందులోకి గొడుగు దించి చూశాను. జానెడు లోపలికి పోయింది. ఈ బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. నెర్రెల్లోకి పైమట్టి రాలి, కిందిది మళ్లీ పైకొచ్చి, నేల తనను తానే తిరగేసుకుంటుంది.

గట్టు మీద కూర్చున్న పెద్దాయన నా అవస్థ చూసి నవ్వుతూ, ‘రేగట్లో వానపడిన పొద్దు పెండ్లికొడుకు కూడా దిగడమ్మా’ అన్నాడు. ఆయన చేను ఖాళీగా ఉంది. జులైలో చేను ఖాళీగా పెట్టుకుని అంత తాపీగా కూర్చోవడం మా ఎర్రనేల రైతుకు చేతకాదు. ‘ఇప్పుడు పడేదంతా భూమి తాగనీ. అక్టోబర్లో పప్పుశనగ ఏస్తాం. ఆ తడితోనే పంట తీసుకుంటాం’ అన్నాడు. ఐదు కిలోమీటర్ల వెనక విత్తనం వేసి రోజూ ఆకాశం చూస్తున్నారు, ఇక్కడ నేలనే నీళ్లతొట్టి చేసుకుని ఆగి ఉన్నారు.

బళ్లారిలో ఒగ్గరణె, మిర్చి తిన్నాం. మన బొరుగుల ఉగ్గాణి, బజ్జీయే. కాకపోతే మిరపకాయ మనకన్నా పొడవు, కారం తక్కువ. ఇద్దరికీ టీలతో కలిపి 110 రూపాయలు. హోటలాయన మావాడితో కన్నడంలో మొదలుపెట్టి, నాతో తెలుగులోకి మారి, డబ్బులు తీసుకునేటప్పుడు ఎవరితోనో ఉర్దూలో మాట్లాడాడు. బళ్లారిలో అది వింత కాదు.

శుక్రవారం సాయంత్రం: హొసపేటె

తుంగభద్ర డ్యాం మీద గేట్లు కొన్ని ఎత్తి ఉన్నాయి. కాల్చిన మొక్కజొన్న కంకి 30 రూపాయలు, తుంపర్లు ఉచితం. వచ్చినవాళ్లలో సగంమంది సెక్యూరిటీ మనిషిని అడిగేది ఒకటే: ‘19వ గేటు ఎక్కడండీ?’ 2024 ఆగస్టులో ఒక రాత్రి గొలుసు తెగి కొట్టుకుపోయిన గేటది. 33 గేట్లలో ఒకటి పోతే కింద మూడు రాష్ట్రాల్లో టెన్షన్. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు వచ్చి, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ అనే అడ్డుదిమ్మెలు దింపించి ఆపినదాకా మా జిల్లాలో టీవీలు ఆగలేదు.

నాకు గేటుకన్నా ఆ వెనకున్నదే ముఖ్యం. 1953లో కట్టడం పూర్తయినప్పుడు ఈ డ్యాం 133 టీఎంసీలు పట్టేది. ఇప్పుడు లెక్క 105.78 టీఎంసీలు. తక్కిన చోటంతా మట్టి ఆక్రమించింది. కొండల్లోంచి, చేలల్లోంచి, గనుల వైపు నుంచి వానకు కోసుకుపోయి వచ్చిన మట్టి అంతా ఆ ఎర్రటి నీళ్ల అడుగున పడి ఉంది. నేలకోత అని పాఠంలో రెండు పేరాలు ఉండేవి. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఇక్కడ దాని వెల కుడి ఎగువ కాలువ చివరన ఉన్న మా జిల్లా కడుతోంది. ఈ కాలువనే మేం హెచ్చెల్సీ అంటాం. దానికి కాగితం మీద 32.5 టీఎంసీలు, డ్యాంలో చోటు తగ్గేకొద్దీ చేతికొచ్చేది తగ్గుతోంది.

రాత్రి ఒక ఖానావళిలో జొన్నరొట్టె భోజనం, మనిషికి 90. రెండు రొట్టెలకే చాలన్నానని వడ్డించే ఆమె నన్ను ఎగాదిగా చూసి, అడక్కుండానే మూడోది వేసి, గుత్తొంకాయ దాని పక్కనే పెట్టి వెళ్లిపోయింది. ఆ మూడోదానికి డబ్బులు తీసుకోలేదు.

శనివారం: దావణగెరె, కూడలి, శివమొగ్గ

దావణగెరె బెణ్ణె దోసె గురించి చాలామంది చాలా రాశారు. వెన్న ఎక్కువ, దోసె చిన్నది, చట్నీ అద్భుతం. అంతే.

శివమొగ్గకు ముందు పక్కకు తిరిగితే కూడలి. తుంగ, భద్ర కలిసేది ఇక్కడే. భద్రకు పైన పెద్ద డ్యాం ఉంది, అది నిండేదాకా నీళ్లు నిదానం. తుంగకు గాజనూరు దగ్గరున్నది చిన్న ఆనకట్ట, తొలకరి గట్టిగా పడితే చాలు నిండి పొర్లుతుంది. అందుకే ఆరోజు సంగమంలో తుంగ వైపే ఉరవడి. ‘తుంగా పాన, గంగా స్నాన’ అని కన్నడ మాట: తాగితే తుంగ నీళ్లే తాగాలి, మునిగితే గంగలో మునగాలి. గుడి దగ్గర పూలమ్మే అవ్వ ఒక చెంబెడు చేతిలో పోసింది. కాసేపు నిలబెడితే అడుగున సన్నటి ఎర్రమట్టి పేరుకుంది. పైన నీళ్లు మాత్రం నిజంగానే తియ్యగా ఉన్నాయి.

పొద్దున హొసపేటె దాటినప్పుడు దారి పొడుగునా తుమ్మ, రేగు, బలుసు, ముళ్లపొదలు. శివమొగ్గ దాటాక టేకు, వెదురు మొదలయ్యాయి. ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి ఇది, వానలో ఆకు అరచెయ్యి దాటి పెరిగి ఉంది. ఈ అడవుల వరస వానల వరసే. ఏడాదికి 700 మిల్లీమీటర్ల లోపు పడేచోట ముళ్లకంప, వెయ్యి దాటితే టేకు, రెండువేలు దాటి పైకి పోతే ఎప్పుడూ పచ్చగా ఉండే అడవి. పాఠ్యపుస్తకంలో మూడు రంగుల పటంగా చూపించినది కారు అద్దంలోంచి ఒకే పగలులో వరసగా కనిపిస్తుంటే నాకు మాట రాలేదు. మావాడు పాటలు ఆపి, ‘ఏమాయ చిన్నమ్మా?’ అన్నాడు.

మధ్యలో కిలోమీటర్లకొద్దీ ఒకే చెట్టు వచ్చింది, అకేసియా. సన్నటి ఆకులు, వరసలు వరసలుగా. భద్రావతిలో ఉన్న కాగితపు మిల్లు కోసం పెంచినవి. మిల్లు మూతపడింది, చెట్లు మిగిలాయి. వాటి కింద గడ్డి లేదు, పక్షి అరుపు లేదు. లెక్కల్లో ఇదీ అడవే. దేశంలో అడవి 21.76 శాతమని 2023 నివేదిక చెప్పినప్పుడు ఇలాంటి తోటలూ అందులో కలిసే ఉన్నాయి. ఇలాంటి శాతాలనే నేను చాలా ఏళ్లు పిల్లల చేత బట్టీ పట్టించాను.

ఆదివారం: తీర్థహళ్లి

తీర్థహళ్లి దాటాక ఫోన్ మ్యాప్ ‘ఎడమవైపు తిరగండి’ అంది. తిరిగాం. తారు రోడ్డు సిమెంటు రోడ్డయింది, సిమెంటు రోడ్డు మట్టిదారి అయింది, ఆ మట్టిదారి ఒక వక్కతోటలో ఆగిపోయింది. ‘చిన్నమ్మా, ఎవరింటికో పోతాండాం’ అన్నాడు మావాడు. నిజంగానే ఎవరింటికో పోయాం. అరుగు మీద ఉన్న ఇంటాయన, వెనక్కి తిప్పుకునే చోటు లేదు, ముందు లోపలికి రండి అన్నాడు. రాగానే ఒక పళ్లెంలో బెల్లంముక్క, చెంబుతో నీళ్లు. ఎవరు, ఏ ఊరు అన్న ప్రశ్నలు ఆ తర్వాతే. మలెనాడు, అంటే ఈ కొండసీమ ఇళ్లల్లో ఇది వాడుక.

అక్కడే రెండు గంటలు గడిచిపోయాయి. తోట లోయలో ఉంది, పైన గుట్ట మీద చిన్న అడవి. ఇద్దరు కూలీలు వెన్ను మీద గొరబు బోర్లించుకుని పచ్చి ఆకు, రెమ్మలు మోపులు కట్టి దించుతున్నారు. గొరబు అంటే వెదురు పేళ్లు, ఆకులతో అల్లిన వానతొడుగు, తల నుంచి నడుందాకా వస్తుంది. వంగి పని చేసేవాళ్లకు గొడుగు పనికిరాదు కదా. మా వైపు గొర్రెలకాపర్లు గొంగడి కొప్పెర వేసుకుంటారు, ఈ వానకు అది ఒక పూటలో నానిపోతుంది.

ఆ గుట్టను ‘సొప్పిన బెట్ట’ అంటారు. వక్కతోటకు ఆకు ఎరువు కోసం ఆంగ్లేయుల కాలం నుంచి కేటాయించి ఉంచిన అడవి. ఆకు కోసుకోవచ్చు, చెట్టు కొట్టకూడదు, సొంతానికి రాయించుకోకూడదు. ఆకు మొదట పశువుల కొట్టంలో పరుపవుతుంది, పేడ, పంచితం కలిసి ఎరువవుతుంది, తర్వాత వక్కచెట్ల మొదళ్లకు చేరుతుంది. నాకొక సందేహం వచ్చి అడిగేశాను: ‘ఇంత వాన, ఇంత పచ్చదనం, ఈ నేలకు ఎరువెందుకండీ?’

ఆయన తోటలో ఒకచోట కాలితో ఆకు పక్కకు జరిపి చూపించాడు. పైన రెండు వేళ్ల మందం నల్లగా, మెత్తగా. కింద పసుపు కలిసిన ఎర్రమట్టి, గట్టిగా. ‘సారమంతా పై పొరలోనే అమ్మా. నాలుగు నెలలు ఈ వాన కడిగితే కిందేం మిగుల్తుంది? ఆకు మానేస్తే మూడేళ్లలో తోట పసుపుపచ్చ.’ మా ఊళ్లో నీళ్లొక్కటే తక్కువ, అవుంటే బంగారం పండుతుందని పుట్టినప్పటి నుంచి వింటున్నదాన్ని. నీళ్లు ఎక్కువైతే నేల కూడా కరువు చూస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఆయన అసలు దిగులు కొళెరోగం. వానలో వక్కగెలకు పట్టే కుళ్లు. కాయ మీద నీళ్లు ఊరినట్టు మచ్చ, మచ్చ చుట్టూ తెల్లటి బూజు, వారంలో గెలంతా నేల మీద. చేతిలో నాలుగు కాయలు పెట్టి చూపించాడు, ఒకటి నొక్కితే తొక్క జారిపోయింది. మందు పాతదే: మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం. పైకెక్కి పిచికారీ చేసే మనిషి రోజుకు రెండువేలకు తక్కువకు రాడట, అదీ ముందే చెప్పి పెట్టుకుంటే. మనిషి దొరికినా, కొట్టిన మందు ఆరడానికి వాన కాసేపైనా ఆగాలి. అరుగు మీద నిలబడి, వాన ఆగితే చాలు దేవుడా అని ఆకాశం చూసే రైతును నేను మొదటిసారి చూశాను.

భోజనానికి ఉండిపొమ్మన్నారు. అక్కి రొట్టె, వెదురుకొమ్ముల కూర, అప్పెమిడి ఊరగాయ. అప్పెమిడి అంటే వాగుల ఒడ్డున పెరిగే అడవిమామిడి చెట్ల పిందెలు. గోరంత పిందె కొరికితే నోరంతా వాసన. ఆ ఇల్లాలు జాడీ మూత తీసి, ‘ఇది మూడేళ్లది’ అంది గర్వంగా. మన ఆవకాయ సంగతి మావాడు ఎత్తబోతే కాలితో తన్నాను. తీర్థహళ్లి బజార్లో అరకిలో 280కి కొన్నాను, ఆ జాడీ రుచి దానికి లేదు.

సోమవారం: ఆగుంబె

మా వైపు వాన వచ్చిందంటే ముందు గాలి, తర్వాత మట్టివాసన, తర్వాత చినుకులు. ఆగుంబెలో అలాంటి మర్యాదలేవీ లేవు. రాత్రి పడుకునేటప్పుడు పడుతోంది, లేచేసరికి పడుతోంది. మధ్యలో ఆగిందో లేదో తెలియదు, ఎందుకంటే ఆగినా చెట్ల మీద నుంచి మరో అరగంట కారుతూనే ఉంటుంది. గది, భోజనంతో కలిపి 1,500. ఇంటివాళ్లు వంటింటి పొయ్యి మీద వెదురు చట్రం కట్టి బట్టలు దాని మీద ఆరేస్తున్నారు. మావి కూడా వేశారు. పొగవాసన పట్టింది, తడి పోలేదు. రాగి హండాలో ఎప్పుడూ వేడినీళ్లు, గంటకోసారి ధనియాలు, జీలకర్ర కషాయం.

1946 ఆగస్టులో ఒక్క నెలలోనే ఇక్కడ 4,508 మిల్లీమీటర్లు కురిసిందని రికార్డు. మాకు ఎనిమిదేళ్ల వాన. ఆ మాట అంటే ఇంటి పెద్దాయన పెద్దగా సంబరపడలేదు. ఈమధ్య హులికల్లు మమ్మల్ని దాటేస్తోందని ఆయన బాధ. వానలో కూడా పక్క ఊరితో పోటీ!

మాతో అడవిలోకి వచ్చిన కుర్రాడు 600 తీసుకున్నాడు. మోకాళ్లదాకా గుడ్డ మేజోళ్లు తొడిగించి, ఉప్పు, పొగాకు కలిపి కట్టిన చిన్న మూట ఇచ్చాడు, జలగలకు. రాలిన ఆకు కొస మీద నిలబడి గాలిలో తల తిప్పుతూ మన వెచ్చదనం కోసం వెతుకుతుంటాయి. మూటతో తాకిస్తే రాలిపోతాయి. మావాడు అడుగుకొకసారి ఆగి కాళ్లు చూసుకోవడంతోనే సరిపోయింది, చెట్టు ఒక్కటీ చూడలేదు.

నేను చూశాను. ధూప చెట్లు, బలగి చెట్లు, పైకి చూస్తే ఆకాశం లేదు. చాలా చెట్ల ఆకు చివర సన్నగా సాగి ఉంది, నీళ్లు నిలవకుండా జారిపోవడానికి. చెట్టు మొదట్లో చేత్తో ఆకు తీసి చూశాను. అరచెయ్యి మందం ఆకుచెత్త, దాని కింద తెల్లటి సన్నటి వేళ్లు చాపలా అల్లుకుని ఉన్నాయి. వేళ్లన్నీ పైపైనే, లోతుకు పోవడం లేదు. రాలిన ఆకు కుళ్లగానే, వాన దాన్ని కడిగేయకముందే, ఆ వేళ్లు లాగేసుకుంటాయి. నిన్న తోటాయన మోపులతో చేయించే పని ఇక్కడ అడవి తనకు తనే చేసుకుంటోంది. ఈ అడవి కొట్టేసి అదే సారం నేలలో వెతికితే దొరకదు, అది చెట్లలోనే ఉంది.

రాచనాగు కనిపించలేదు, కనిపించనందుకు మావాడు మొక్కుకున్నాడు. ఇక్కడి వానాడవి పరిశోధనా కేంద్రాన్ని పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో మొదలుపెట్టారు, రాచనాగుల ఒంట్లో రేడియో పరికరం పెట్టి వాటి తిరుగుళ్లు గమనించింది ఇక్కడే. పడమటి కనుమల రాచనాగు వేరే జాతి అని 2024లో తేల్చి, స్థానికులు పిలిచే ‘కాళింగ’ పేరే దానికి పెట్టారు. మా ఇంటివాళ్ల పెరట్లోకి ఏడాదికొకసారైనా వస్తుందట. కొట్టరా అంటే, పెద్దావిడ నేనేదో అనరాని మాట అన్నట్టు చూసింది. అది వస్తే తక్కిన పాములు పోతాయి, వచ్చిన దారినే పోతుంది, అంది.

సన్‌సెట్ పాయింటు దగ్గర సూర్యుడూ లేడు, అరేబియా సముద్రమూ లేదు. తెల్లటి మంచు. కాలేజీ కుర్రాళ్లు ఆ తెలుపుతోనే సెల్ఫీలు దిగుతున్నారు. కనుమ అంచు అది. ఊరికి పడమటగా పడిన చినుకు సీతానదిలో చేరి ఆ పూటకే సముద్రం దారి పడుతుంది. తూర్పుగా పడింది తుంగలోకి, అక్కడి నుంచి తుంగభద్రలోకి, అందులో కొంత మా కాలువలోకి.

మంగళవారం: ఘాటు దిగి ఉడుపి, మల్పె

ఘాటులో 14 మెలికలు. పెద్ద బస్సులు రావు, మినీ బస్సులే. ఇద్దరు డ్రైవర్లు ఎదురైతే ఎవరు వెనక్కి పోవాలో చేతి సైగతోనే తేలిపోతుంది, హారన్ కొట్టింది మా ఒక్క కారే. కింద సోమేశ్వరం చేరేసరికి స్వెట్టర్లు తీసేశాం, ఒళ్లంతా చెమట.

హెబ్రి నుంచి ఉడుపిదాకా రోడ్డు పక్క కోతల్లో నేల ఇటుకరంగు. ఒకచోట ముర్రకల్లు క్వారీ. యంత్రం చతురస్రంగా కోసి దిమ్మెలు పైకి తీస్తోంది, వాటితోనే ఇక్కడ ఇళ్లు, గోడలు. కొత్తగా తీసిన దిమ్మెలో గోరు దిగింది, గాలికి ఎండితే రాయవుతుందట. కంపెనీవారి కాలంలో కేరళలో ఈ మట్టిరాయిని చూసిన ఫ్రాన్సిస్ బుకానన్, 1807లో అచ్చయిన తన యాత్రా పుస్తకంలో దానికి లాటరైటు అని పేరు పెట్టాడు. లక్షల ఏళ్ల వాన సున్నం, సిలికా అన్నీ కడుక్కుపోతే ఇనుము, అల్యూమినియం మిగిలిన నేల. గడ్డి తప్ప ఏమీ రాని గుట్టలు చాలా కనిపించాయి, పక్కనే 4,000 మిల్లీమీటర్ల వాన పడుతుండగా.

మేము ఉడుపిలో ఉన్న రోజే నాగర పంచమి. ఆ రోజు మట్టి తవ్వరు, దున్నరు. ఇంటింటా పసుపు మొక్క ఆకులో బియ్యప్పిండి పరిచి, బెల్లం కొబ్బరి పెట్టి, మడిచి ఆవిరికి ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసన కోసం ఇంకో రెండు అడిగి తిన్నాను. హోటల్లో కాదు, మేం దిగిన లాడ్జి మేనేజరు ఇంటి నుంచి తెచ్చి పెట్టినవి. ఈ తీరంలో తుళు మాట్లాడేవాళ్లకు ఇది ఆటి నెల. వానకు పనుల్లేక, నిల్వలు అయిపోయి, చేమాకుకు పిండి పూసి ఉడికించే పత్రొడెలతో గడుపుకునే నెల. మొన్న గురువారం ఆటి అమావాస్యనాడు తెల్లవారుజామునే ఏడాకుల పాల చెట్టు బెరడు కషాయం తాగారట. ‘ఎట్లుంటుంది?’ అంటే మేనేజరు మొహం చిట్లించి, ‘మా అమ్మ తలుపు దగ్గర నిలబడి తాగిస్తుంది’ అన్నాడు.

మల్పె రేవులో వందల పడవలు పక్కపక్కనే కట్టేసి ఉన్నాయి. జూన్ 1 నుంచి జులై 31దాకా పడమటి తీరంలో మరపడవల వేట నిషేధం. రంగులు వేస్తున్నారు, వలలు కుడుతున్నారు. మన తీరంలో ఏప్రిల్ 15న మొదలై జూన్ 14కే అయిపోతుంది. మావాడు చేప భోజనం 180 పెట్టి తిని, తాజాగా ఉందని మెచ్చుకుంటే, వడ్డించే అతను నవ్వి, ‘సార్, ఇది మీ వైపు సముద్రంది, ఐసులో వచ్చింది’ అన్నాడు.

గురువారం: చెళ్లకెరె, బొమ్మనహాళ్

తిరుగుదారిలో చిత్రదుర్గం దాటాక వైపర్లు ఆపేశాం. చెళ్లకెరె దగ్గర మళ్లీ చెనిక్కాయ, నూనె మిల్లులు, ఎండ. మైసూరు రాజుల కాలం నుంచి అమృతమహల్ పశువులకు వదిలిన గడ్డిబీళ్లు ఇక్కడే ఉన్నాయి. వాటిలో వేల ఎకరాలు పరిశోధనా సంస్థలకు ఇచ్చేశారు, రోడ్డు పక్కన పొడవాటి గోడలు కనిపిస్తాయి. చెట్లు లేవు కాబట్టి బీడు అనుకుంటాం. తక్కువ వానకు తట్టుకుని వందల ఏళ్లు పశువుల్ని మేపిన గడ్డి అది. దానికి మన పటాల్లో ఒక రంగు కూడా లేదు.

రాయదుర్గం నుంచి బొమ్మనహాళ్ వైపు తిప్పమన్నాను. దర్గాహొన్నూరు, గోవిందవాడ పక్కన వేదవతి నది. బాబాబుడన్ కొండల్లో, అంటే ఆగుంబెకు అంత దూరం కాని చోట పుట్టి వస్తుంది. ఇక్కడికి చేరేసరికి ఇసుక మాత్రమే. కారు దిగగానే కళ్లలో కొట్టింది. జూన్ నుంచి సెప్టెంబరుదాకా నైరుతి గాలి ఆ నదీగర్భంలోంచి ఇసుక లేపి ఒడ్డునున్న చేలల్లో పోస్తుంది. కొన్ని దిబ్బలు మనిషెత్తు. ఒక కంచె రాళ్లు కొసలు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. ఆగుంబెలో మా బట్టలు ఆరనివ్వని ఆ గాలే కనుమ ఎక్కి తడంతా అక్కడే వదిలేసి, ఇక్కడికి ఉత్తచేతులతో వచ్చి ఈ పని చేస్తోంది.

చేనులో ట్రాక్టరు ఇసుక తోస్తోంది. గంటకు 1,200. ‘ఏటా తోస్తాం, ఏటా వస్తాది’ అన్నాడు రైతు, సగం తెలుగు, సగం కన్నడంలో. గాలికి అడ్డంగా నాటిన చెట్లు ఒక వరసలో మిగిలి ఉన్నాయి, వాటి వెనక చేను శుభ్రంగా ఉంది. మరి మిగతా గట్ల మీద ఎందుకు నాటలేదంటే, నీడకు పంట రాదని పక్కచేనాయన ఒప్పుకోలేదట.

కణేకల్లు దగ్గర హెచ్చెల్సీ నిండుగా పారుతోంది. గట్టు మీద ఇద్దరు రైతులు, కాలువ లస్కరు మాట్లాడుకుంటున్నారు. మేం ఆగుంబె నుంచి వస్తున్నామని తెలిసి, ‘ఆడ వాన పడతాందా?’ అని ఒకాయన అడిగాడు. మావాడు డిక్కీ తెరిచి, ఇంకా తడిగానే ఉన్న బట్టల సంచి చూపించాడు. రైతు చొక్కా పట్టి పిండి చూసి, ‘అయితే ఈసారి రెండో పంటకీ నీళ్లొస్తాయి’ అన్నాడు. ముందు 40వ కిలోమీటరు దగ్గర గట్టు బాగుచేయనీ, అప్పుడు చూద్దాం అని లస్కరు. ఆ మాట మీద వాళ్ల ముగ్గురికీ వాదన పెరిగింది, మేం కారెక్కాం.